మిద్దె మేస్త్రి కట్టని గోడ

ప్రొద్దుటూరులో ఒక టీచరు కట్టుకుంటున్న ఇంటికి స్లాబు వేయిస్తున్నాను. కాంక్రీటు గంప నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కుతున్న ఓబుళమ్మ సగంలో ఆగి నా వైపు చూసింది.

“సారూ, నీకు తెల్సునా? మిద్దె మేస్త్రి పోయినాడంట. పది దినాలాయ.”

ఆ ముక్క చెప్పి పైకి ఎక్కిపోయింది. స్లాబు పోసేటప్పుడు ఎవరూ ఆగకూడదు. గంప కుమ్మరించి దిగి వచ్చి మళ్లీ ఇంకో గంప అందుకుంది. నేను మాత్రం ఆ రోజు మందం ఎంత వచ్చిందో చూసుకోలేదు. సాయంత్రం టీచరు వచ్చి ఏదో అడిగితే ఏం చెప్పానో కూడా గుర్తు లేదు.

ఓబుళమ్మా, మేస్త్రీ, నేనూ ఒకప్పుడు ఒకేచోట పనిచేశాం. జమ్మలమడుగు దాటి పోతే పెన్న లోయ అంచున ఒక పెద్ద హోటలు కట్టారు. నేను అక్కడ సైటు ఇంజనీరుని. బెంగుళూరు డిజైనరు గీసిన బొమ్మల్లో ఆ హోటలు అక్కడి నేలలోంచే మొలిచినట్టు ఉండేది. వాకిట్లో లోయ గోడలాగే పొరలు పొరలుగా పెద్ద ఎర్రరాతి గోడ. లోపల గదులన్నీ మన పల్లెల మట్టిమిద్దెల మాదిరి. తలుపులూ స్తంభాలూ రిజర్వాయరు కింద మునిగిన ఊళ్లలో ఇళ్లు విప్పినప్పుడు కొని తెచ్చినవి. అన్నీ కుదిరాయి గానీ మట్టిమిద్దె వేయడం తెలిసిన మనిషి దొరకలేదు. మా తాతల కాలం పని అది. ఆ పని నేర్చిన వాళ్లంతా ఎప్పుడో సిమెంటులోకి వెళ్లిపోయారు.

జమ్మలమడుగు బస్టాండులో టీ అంగడాయన చెప్పాడు, మునక ఊరోళ్లకు కట్టిచ్చిన కాలనీలో ఒకాయన ఉన్నాడని. వెళ్లేసరికి సిమెంటు ఇంటి ముందు గోడకు ఆనుకోకుండా, నిటారుగా కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి. చేతులు మాత్రం ఆ ఒంటికి సంబంధం లేనంత పెద్దవి. వచ్చిన పని చెప్పాను.

“మట్టిమిద్దెనా? ఎవురికి?”

“హోటలుకు మామా.”

“హోటల్లో పండుకునేటోళ్లు మట్టిమిద్దె కింద పండుకుంటారా?”

“దానికోసమే దూరం నుంచి వస్తారు.”

ఆయన ఇంట్లోకి తలతిప్పి గట్టిగా అన్నాడు. “ఇనపడిందా? మన మిద్దెలన్నీ నీళ్లలో ముంచిరి. ఈడొచ్చి మళ్లా కట్టమంటాండారు.”

లోపలినుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. “కట్టుపో. చేతులు ఊరికే పెట్టుకోని కూసున్నావు గదా.”

మర్నాడు ఇద్దరూ వచ్చారు. ఆమె లేకుండా ఆయన ఏ పనికీ వెళ్లడని తర్వాత తెలిసింది.

మట్టిమిద్దెకు ప్రాణం పైన పరిచే చౌడుమన్ను. సరైన చౌడు పడితే ఎంత వానకైనా చుక్క దిగదు. ఆయన ఆ మన్నును నాలుక మీద వేసుకుని చూసేవాడు. చిటికెడు తీసి, కళ్లు మూసుకుని, నోట్లో తిప్పి, పక్కకు ఉమ్మేసి “ఇది గాదు” అనేవాడు. నాలుగు ట్రాక్టర్ల మన్ను అలాగే తిప్పి పంపాడు. నాకు కోపం వచ్చి ఐదో లోడుకు లాబు రిపోర్టు తెప్పించాను. అందులో ఉప్పెంత, సున్నమెంత అన్నీ ఉన్నాయి. ఆయన కాగితం వైపు చూడనైనా చూడకుండా అడిగాడు.

“కాయితం నాకి సూసినావా అప్పా?”

కూలీలందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ లోడు కూడా వెనక్కి వెళ్లింది.

మిద్దె ఎక్కేటప్పుడు చెప్పులు కింద విడిచేవాడు. మండే ఎండలో బండలు కాళ్లు కాల్చేస్తున్నా అంతే. ఎందుకని అడిగితే, “కింద పండుకునేటోళ్ల నెత్తిన నిలబడుకున్నెట్లు గదా” అన్నాడు. కింద అప్పటికి ఎవరూ లేరు, గోడలు కూడా సగమే లేచాయి.

పాత తలుపులు బిగించిన గదుల్లోకి పోయేటప్పుడు గొళ్లెం చప్పుడు చేసి “ఉండారా?” అని పిలిచేవాడు. ఆ తలుపులన్నీ ఆయన ఎరిగినవే. ఇది ఫలానా రెడ్డి ఇంటిది, ఇది పంతులయ్య ఇంటిది, దీని మీద గీతలు వాళ్ల పాప పొడుగు కొలిచినవి అని చెప్పేవాడు. ఒకరోజు నేను లోపల ఉండి “ఉన్నా మామా” అని పలికాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తలుపు సందులోంచి చూసి “నువ్వా” అని వెళ్లిపోయాడు. తర్వాత నేనెప్పుడూ అలా పలకలేదు.

ఆలుమగల మధ్య మాటలు తక్కువ. తక్కువంటే, ఆమె రోజంతా మాట్లాడేది, ఆయన జవాబు చెప్పేవాడు కాదు. ఆమె కింద మన్ను తొక్కి, గంపకెత్తి తాడుకు తగిలించేది. ఆయన పైన పరిచేవాడు. పైనుంచి ఆయన చెప్పే మాటలు రెండే. “ఇంగొంచెం.” “సాలు.” ఆ రెండు మాటల మధ్యనే వాళ్లు ముప్పై ఏళ్ల కాపురం చేశారని ఓబుళమ్మ నవ్వేది.

రాయి గురించి అడిగితే మాత్రం ఆయన మాట్లాడేవాడు. గదుల గోడలకు ఒక్కో రాయినీ వేలి కణుపుతో తట్టి, చెవి వంచి విని, అటూ ఇటూ తిప్పి పెట్టేవాడు.

“రాయి బూమిలో ఎట్ల పండుకోనుండెనో గోడలో గూడా అట్లే పండుకోవల్లప్పా. నిలబెట్టినామంటే దానికి నిద్రుండదు. నిద్ర లేనోడు ఎంత సేపు నిలబడుకుంటాడు?”

వాకిట్లో ఎర్రగోడ పని మొదలయ్యాక ఈ మాట అన్నాడు. అది ఆయన పని కాదు. బయటినుంచి వచ్చిన ముఠా పని. లోపల ముప్పై అడుగుల కాంక్రీటు గోడ, దాని మీద అంగుళం మందం రాతి పలకలు నిలువునా గమ్ముతో అతికించడం. ప్రతి పలకకూ వెనక, గోడకు పట్టి ఉంచే ఉక్కు పిన్ను ఉండాలని డ్రాయింగులో ఉంది. కింది సగానికి వేశారు. ఇంతలో ఎవరో పెద్దమనిషి హోటలు చూడ్డానికి వస్తున్నాడని తేదీ ముందుకు జరిగింది. పై సగానికి పిన్నులు లేకుండానే పలకలు ఎక్కాయి. అన్నీ వేసినట్టు తనిఖీ కాగితం మీద సంతకం పెట్టింది నేనే.

పరంజా విప్పిన రోజు ఆయన వచ్చి గోడకు చెవి పెట్టాడు. నిచ్చెన వేయించుకుని పైకెక్కి అక్కడక్కడా తట్టాడు. దిగి వచ్చి నా దగ్గర నిలబడ్డాడు.

“పైనంతా డొల్ల పలుకుతాంది. రాళ్ల ఎనకాల గాలుండాది.”

“కొత్తరకం గమ్ము మామా. ఊడదు.”

“మన ఎండలెట్లుంటాయో ఆ గమ్ముకు తెల్సునా?”

నేను ఫోను వచ్చినట్టు జేబులోంచి తీసి మాట్లాడుతూ పక్కకు వెళ్లాను. ఫోను రాలేదు.

ఆ రోజునుంచి ఆయన కనపడిన వాళ్లందరికీ చెప్పేవాడు, ఆ గోడ కింద కూర్చోవద్దని. కానీ ఎండలు ముదిరాయి. ఆ సైటులో చెట్టన్నది లేదు. మధ్యాహ్నం పూట నీడంటే అదొక్కటే. ఒకరోజు ఆయన మిద్దె మీద ఒక వరస పూర్తిచేసి వస్తానన్నాడట. ఆమె రొట్టెల మూట విప్పి, ఊరిబిండి పచ్చడి గిన్నె మూత తీసి, ఆయన కోసం గోడ నీడలో కూర్చుంది. ఓబుళమ్మ పిలిచిందట, “అక్కా, ఆడొద్దన్యాడు గదా” అని. “నీడ ఇంగ యాడుండాది?” అందట.

నేను ఆఫీసు గదిలో ఉన్నాను. లారీ రాళ్లు దించిన చప్పుడనుకున్నాను.

వెళ్లేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. మిద్దె మీదనుంచి ఎలా దిగాడో ఎవరూ చూడలేదు. ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు. ఆమె మీద పడిన పలకల్ని ఒక్కొక్కటే ఎత్తి పక్కకు తీశాడు. ఒక్కదాన్నీ విసిరేయలేదు. అన్నింటినీ నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. అన్నీ తీశాక ఆమె పక్కన కూర్చుని, ముఖం మీద రాతిపొడి తన తువ్వాలుతో తుడిచాడు.

సాయంత్రానికి హోటలు కట్టిస్తున్న కంపెనీ మేనేజరు నన్ను పిలిచి తలుపు వేశాడు.

“డిజైను తప్పంటే హోటలు తెరవలేం. పిన్నులు లేవంటే నువ్వు జైలుకు పోతావు. ఆ రాళ్లు అతికించింది లోకల్ మేస్త్రి అని రాయి. వాడెవరి మీద కేసు పెడతాడు? పోయింది వాడి పెళ్లామే గదా.”

రాశాను. గోడ పని మేస్త్రి చేతుల మీదుగా జరిగిందని, ఆయన అజాగ్రత్త వల్లే పలకలు ఊడాయని రెండు పేజీలు నా చేత్తో రాశాను. కింద ఆయన సంతకానికి చోటు వదిలాను.

జమ్మలమడుగు ఆసుపత్రి వరండాలో నేల మీద ఉన్నాడు. లోపల ఆమె. కాగితాలు ఇస్తే, రెండు చేతులూ పంచెకు తుడుచుకుని అందుకున్నాడు. ఆయనకు చదువు వచ్చని నాకప్పటిదాకా తెలియదు. అక్షరాల కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ఒక్క లైనూ వదలకుండా చదివాడు. ఆ రెండు పేజీలు ఎంతకూ అయిపోలేదు. ఒకచోట వేలు ఆగింది.

“ఈడ నా పేరు ఎవురు రాసినారప్పా?”

“నేనే మామా.”

“అచ్చరాలు బాగుండాయి.”

ఎగతాళిగా అనలేదు. నిజంగానే అన్నాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చేతిరాత చూసుకోబుద్ధి కాదు.

“సంతకం పెట్టకుంటే ఏమయితాది?”

“సైటు మూసేస్తారు. అందరికీ పని పోతుంది.”

ఆయన బయటికి చూశాడు. ఆవరణలో ఓబుళమ్మా, మిగతా కూలీలూ గుంపుగా కూర్చుని ఉన్నారు. ఎక్కువమంది ఆయన ఊరోళ్లే.

“నీకేమయితాది?”

నేను పెన్ను మూత తీసి పట్టుకున్నాను.

“పిల్లోళ్లుండారా?”

“ఒక పాప మామా.”

ఇంకేం అడగలేదు. పెన్ను తీసుకుని పేరు మొత్తం రాశాడు. కాగితాలు నా చేతికిస్తూ అన్నాడు.

“ఆ గోడ పీకేయండి. నాకింగేమొద్దు.”

“పీకిస్తా మామా.”

దినాలు అయిపోయిన మర్నాడు ఆయన పనికి వచ్చాడు. చివరి గది మిద్దె సగంలో ఉంది, వానలు మొదలైతే పాడవుతుందని వచ్చాడు. మనుషుల్ని ఇస్తానంటే వద్దన్నాడు. తానే మన్ను తొక్కి, తానే గంపకెత్తి, పైకెక్కి తాడు లాగి పరిచేవాడు. మళ్లీ దిగేవాడు. మేమందరం ఆ వైపు చూడకుండా మా పనులు చేసుకుంటున్నాం. రెండో రోజో మూడో రోజో, పైన పని ధ్యాసలో ఉండి ఆయన కిందికి చూడకుండానే అన్నాడు.

“ఇంగొంచెం.”

సైటంతా ఆగిపోయింది. కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర కుర్రాళ్లు కూడా దాన్ని ఆపేశారు. ఆయన చెయ్యి చాపి కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత వంగి కిందికి చూశాడు. మిద్దె మీద గొంతుకూర్చుని చాలాసేపు లేవలేదు. ఓబుళమ్మ వెళ్లి మన్ను గంపకెత్తి తాడుకు తగిలించబోతే, “వద్దు మా” అన్నాడు. తానే దిగి వచ్చి ఎత్తుకున్నాడు.

పని పూర్తయ్యాక మిద్దె మీద కడవలతో నీళ్లు పోయించి, లోపలికి వెళ్లి కప్పు చూశాడు. ఒక్క చుక్క దిగలేదు. ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

గోడ పీకలేదు. ఊడిన చోట కొత్త పలకలు అతికించారు. మిగతాది ముట్టుకోలేదు. మేనేజరుకు ఒకసారి చెప్పాను. తర్వాత చూద్దామన్నాడు. రెండోసారి నేను చెప్పలేదు. హోటలు తెరిచాక ఆ ఉద్యోగం మానేసి ప్రొద్దుటూరు వచ్చి చిన్న చిన్న ఇళ్లు కట్టించుకుంటున్నాను.

నా రెండు పేజీలూ ఆఫీసు ఫైల్లోనే ఉండిపోతాయనుకున్నాను. పేపరు జిల్లా పేజీలో మేస్త్రి నిర్లక్ష్యం అని చిన్న వార్త వచ్చింది. చిన్నదే. దాంతో ఆయన్ని పనికి పిలిచేవాళ్లు లేకుండా పోయారు. జమ్మలమడుగులో లేదు, ప్రొద్దుటూరులో లేదు.

తర్వాత రెండేళ్లకు పులివెందుల దగ్గర లింగాలలో ఒక రైతు ఇల్లు కట్టాలంటే చూడ్డానికి వెళ్లాను. ఆ రైతు చీనీ తోటలో బత్తాయి కాయలు వేరుచేస్తూ మేస్త్రి కనిపించాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేనే తలదించుకున్నాను.

“కట్టుబడి పనికి పోవడం లేదా మామా?”

“ఎవురు పిలుస్తారప్పా? పెండ్లాం మీద గోడేసుకున్నోడని గదా పేరు.”

వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. నేను క్షమించమని అడగాలనుకున్నాను. మాటలు కూడదీసుకుంటుంటే ఆయనే అడిగాడు.

“ఆ గోడ పీకినారా?”

లేదనడానికి నాకు ఒక్క క్షణం దొరికింది. ఆయన ముఖం చూశాను.

“పీకేసినాం మామా. అప్పుడే.”

ఆయన కళ్లు మూసుకుని తెరిచాడు. “మంచి పని జేసినావు. దినామూ అదే అనుకుంటాంటి. మళ్లా ఎవురన్నా దాని కింద కూసుంటారేమోనని.” పక్కనున్న కుప్పలోంచి నాలుగు కాయలు ఏరి నా సంచిలో వేశాడు. “పాపకియ్యి.” పాప తింది. నేను ముట్టలేదు.

మేస్త్రి పోయినాడని ఓబుళమ్మ చెప్పిన మర్నాడు కాలనీకి వెళ్లాను. ఆయన కూతురు బయటికి వచ్చింది. ఖాజీపేటలో ఉండేది, తల్లి పోయాక మొగుడితో సహా వచ్చి తండ్రి దగ్గరే ఉంటోంది. చాప వేసి కూర్చోమంది. నా పేరు చెప్పగానే గుర్తుపట్టింది.

“వారం జరం సార్. జమ్మలమడుగు ఆసుపత్రికి తోల్కపోతామంటే ఆ వరండాలో నేను కూసోనన్యాడు. ఎంత చెప్పినా ఇన్లేదు.”

నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగుతుంటే తనే మాట కలిపింది.

“రెండు నెల్ల నుంచి నేను ఆ హోటల్లోనే పనికి పోతాండా. మొదుట్లో వద్దంటి. నాయినే పో అన్యాడు. ఇంజనీరప్ప గోడ పీకిచ్చేసినాడు, ఇంగ బయమేముండాదని.”

“ఏం పనమ్మా?”

“వాకిలి ముందర చిమ్మేది. ఎర్రగోడ ఉండాది సూడు సార్, వచ్చినోళ్లంతా ఫోటోలు దిగుతాంటారే, పొద్దున్నే తొలీత దాని కిందనే చిమ్మల్ల. నాయినకు బాదయితాదని ఈ మాట చెప్పల్యా.”

చెంబు కింద పెట్టాను.

“అమ్మా, అదే గోడ.”

“ఏ గోడ? ఇది పాతది పీకినాక కట్టింది గదా?”

“మీ అమ్మ మీద పడిన గోడ. పీకలేదు. నేను మీ నాయనకు అబద్ధం చెప్పినా. పైన ఇంకా డొల్లగానే ఉండాది.”

నేను ఆపలేదు. పిన్నులు వేయలేదని, వేసినట్టు సంతకం పెట్టింది నేనని, ఆయన ఆ గోడను ముట్టుకోనే లేదని, ముందే హెచ్చరించాడని, ఆ రెండు పేజీలు రాసింది నేనని అన్నీ చెప్పాను. చెప్తున్నంతసేపూ ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

“ఇదంతా రాసియ్యి” అంది.

పక్కింటినుంచి నోటుబుక్కు తెచ్చింది. చాప మీద కూర్చుని రాశాను. ఆయన పేరు రాసి, ఆయన తప్పు లేదని రాశాను. పేరూ ఊరూ వేసి సంతకం పెట్టాను. ఇదే ఇంకోటి రాసి పోలీసు స్టేషన్లో నేనే ఇస్తానని, రేపటినుంచి ఆ గోడ దగ్గరికి పోవద్దని చెప్పాను. ఆమె తలూపింది.

కాగితాలు తీసుకుని వెలుతురు కోసం వాకిట్లోకి వెళ్లి నిలబడి చదివింది. నేను లోపలే ఉన్నాను. మొత్తం చదివాక మడిచి రవికలో పెట్టుకుంది.

“పదైదు దినాల ముందర తెచ్చింటే,” అంది నా వైపు తిరగకుండానే, “ఆయనే సదువుకునేటోడు గద సార్.”